పచ్చలైటు వెలుగుతూనే ఉంది

జులై 16, బుధవారం

కాలేజీకి వెళ్లలేదు. జ్వరమని మెసేజ్ పెట్టాను. జ్వరం లేదు.

పొద్దున్నే షోయబ్ తలుపు కొట్టాడు. "ఆపా, లే. నాగభూషణరావు గారి చెరువు పోయింది. రొయ్య మొత్తం చచ్చిందంట. నిన్ను కూడా తీసుకురమ్మని బాబీ ఫోన్ చేశాడు."

చెరువు నీళ్లలో ఆక్సిజన్ చూసే బోర్డులు తయారు చేసేది నేను, చెరువుల్లో బిగించేది తమ్ముడు. ఏదైనా జరిగితే ఇద్దరం వెళ్లాలి. బందరు నుంచి బండి మీద చల్లపల్లి, అవనిగడ్డ దాటి, కోడూరు అవతల పాలెం చేరేసరికి ఎనిమిదిన్నర అయింది.

గట్టు మీద ముప్పై మంది దాకా ఉన్నారు. నీళ్ల అంచున తెల్లగా రొయ్యలు కుప్పలు కుప్పలుగా కొట్టుకొచ్చాయి. ఇంకో ఇరవై రోజుల్లో పట్టుబడి, అమ్మకం. కాకులు అప్పుడే దిగాయి. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు నాలుగూ ఆగి ఉన్నాయి. స్తంభానికి బిగించిన నా బోర్డు మీద పచ్చలైటు వెలుగుతూనే ఉంది. పచ్చ అంటే నీళ్లలో ఆక్సిజన్ చాలినంత ఉన్నట్టు. చాలకపోతే ఎరుపు రావాలి, ఏరియేటర్లు వాటంతటవే తిరగాలి.

నాగభూషణరావు గారు ప్లాస్టిక్ కుర్చీలో తల పట్టుకుని కూర్చున్నారు. ఆయన కొడుకు బాబీ నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, మీ బోర్డు పని చేసిందా లేదా? ఒక్క ముక్కలో చెప్పండి."

"చేసింది" అన్నాను.

"అయితే గాలి చాలక చావలేదు. మందు కలిపారు."

పక్క చెరువు కాపలా మనిషి విల్సన్ తెల్లారగట్ల ఈ గట్టు మీద కనిపించాడట. అతన్ని పట్టుకొచ్చారు. కొట్టారు. గొడవ పెద్దదయ్యేలా ఉందని మేం వచ్చేశాం.

నన్ను బోర్డు గురించి అడిగారు. బోర్డు గురించి చెప్పాను.

చెప్పులకు బురద అంటింది. రెండుసార్లు కడిగాను.

జులై 17

నన్ను బోర్డు గురించే అడిగారు.

జులై 18, శుక్రవారం

కాలేజీకి వెళ్లాను. పనిలో పడితే మంచిది.

థర్డ్ ఇయర్ వాళ్లకు ఏటా ఒకరోజు సిలబస్‌లో లేని పాఠం చెబుతాను. ఈసారి అది ఇవాళే పడింది. కంప్యూటర్‌కు తెలిసినవి రెండే, సున్నా, ఒకటి. మూడు ఉంటే? యాభైల్లో మాస్కో యూనివర్సిటీ వాళ్లు అలాంటి యంత్రం నిజంగానే కట్టారు. అందులో మైనస్ ఒకటి, సున్నా, ప్లస్ ఒకటి. పిల్లలకు త్రాసుతో చెబుతాను. ఒకటి, మూడు, తొమ్మిది కిలోల రాళ్లు మూడే ఉన్నాయి. ఐదు కిలోల బియ్యం తూచాలి. బియ్యం పక్కనే మూడు, ఒకటి పెట్టి, అవతలి తట్టలో తొమ్మిది పెడితే సరి. ప్రతి రాయికీ మూడు చోట్లు. ఈ తట్ట, ఆ తట్ట, నేల. ఆ మూడు రాళ్లతో పదమూడు కిలోల దాకా ఏదైనా తూచవచ్చు.

తర్వాత తర్కం. అవును, కాదు, తెలియదు. బయట వాన పడుతోందో లేదో తెలియదు. చేతిలో గొడుగు ఉంది. "వాన ఉంది లేదా గొడుగు ఉంది" అంటే అవును. "వాన ఉంది, గొడుగూ ఉంది" అంటే తెలియదు. తెలియదును తిరగేస్తే మళ్లీ తెలియదే వస్తుంది. అక్కడ అందరూ నవ్వుతారు. ఇవాళ కూడా నవ్వారు.

శ్రీలేఖ లేచింది. "ఇంత బాగుంటే మేడం, మరి ప్రపంచమంతా రెండింటితోనే ఎందుకు నడుస్తోంది?"

"స్విచ్చిని వేయడం, ఆపడం తేలిక. మధ్యలో నిలబెట్టడం కష్టం. వోల్టేజీ కొంచెం అటూ ఇటూ అయినా మధ్యది పక్కకు జారిపోతుంది. రెండింటితో చవగ్గా, గట్టిగా పనైపోతోంది. అందుకే మూడోదాన్ని వదిలేశారు."

"మరి నిజంగానే తెలియనప్పుడు?"

"ఎవరో ఒకరు దాన్ని అవుననో కాదనో రాసేస్తారు."

ఆ మాట అన్నాక క్లాసు బోర్డు వైపు తిరిగి, రాసిందంతా తుడిచాను. తుడవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. అయినా మళ్లీ తుడిచాను.

పేపర్లో నాలుగు లైన్ల వార్త వచ్చింది. రొయ్యల చెరువులో విషం, అనుమానితుడిపై దాడి, పరిస్థితి విషమం.

జులై 20, ఆదివారం

పదహారో తేదీ సాయంత్రమే షోయబ్ మళ్లీ వెళ్లి బోర్డు విప్పి తెచ్చేశాడు. వానకు తడుస్తుందని అన్నాడు. ఇవాళ అందులోని మెమరీ కార్డు లాప్‌టాప్‌లో పెట్టి చూశాను.

ఒంటిగంటా యాభై రెండు వరకు ఆక్సిజన్ అంకెలు ఉన్నాయి. తర్వాత ఖాళీ. సాయంత్రం షోయబ్ బోర్డు ఆపేదాకా ప్రతి రెండు నిమిషాలకు ఒక ఖాళీ. ప్రతి ఖాళీ పక్కన పచ్చ. పచ్చ. పచ్చ.

నీళ్లలో ఉండే సెన్సార్ నుంచి కబురే రాలేదు. రాని కబురును బోర్డు బాగుందనుకుంది.

నేను మొదట చేసిన బోర్డు అలా కాదు. దానికి మూడు లైట్లు ఉండేవి. చాలు, చాలదు, తెలియదు. తెలియదు వస్తే ఏరియేటర్లు తిరిగేవి, సైరన్ మోగేది. తెలియనప్పుడు తిప్పు అన్నదే దాని పద్ధతి. పీహెచ్‌డీలో నేను నాలుగేళ్లు పెట్టింది ఆ మూడో లైటు కోసమే. మార్చిలో ఉప్పునీటికి కనెక్టర్లు తుప్పు పట్టి వారానికి మూడుసార్లు సైరన్ మోగింది. బాబీ ఫోన్ చేసి "ఆ కూత ఆపకపోతే బోర్డు పీకి కాలవలో పడేస్తా" అన్నాడు. షోయబ్ నన్ను పట్టుకున్నాడు. "రైతుకి పచ్చ, ఎరుపు చాలు ఆపా. మూడోది పెట్టి నన్ను చంపకు. ఫోన్లన్నీ నాకే వస్తున్నాయి."

ప్రోగ్రాంలో ఒక్క లైను మార్చాం. కబురు రాకపోతే అంతకుముందు వచ్చిందే ఉన్నట్టు అనుకోవాలి. షోయబ్ మార్పించాడు.

సెన్సార్ కేబుల్ ఎక్కడ తెగిందో నేను చూడలేదు.

జులై 21, సోమవారం

స్టేషన్‌కు పిలిచారు. ఎస్సై కుర్రాడే, మర్యాదగానే మాట్లాడాడు. నీళ్ల శాంపిల్ రిపోర్టు టేబుల్ మీద ఉంది. విషం ఉన్నట్టు నిర్ధారణ కాలేదు, లేనట్టూ నిర్ధారణ కాలేదు అని రాశారు.

"రిపోర్టు ఇలా ఏడిసింది. అందుకే మీ మాట కావాలి మేడం. మీ మిషను సరిగ్గా పని చేసిందా? చేసిందంటే విల్సన్ మీద పాయిజన్ కేసు నిలబడుద్ది. లేదంటే లేదు."

"పరిశీలించాలండీ" అన్నాను.

"పరిశీలించాలనే గడి ఈ కాగితంలో లేదండీ. అవునా, కాదా?"

వారం గడువు అడిగాను. ఇచ్చాడు. కొట్టినవాళ్ల పేర్లు ఏమయ్యాయని అడిగితే, గుర్తు తెలియని వ్యక్తులని రాసుకున్నామన్నాడు. ముప్పై మంది ఉన్న గట్టు మీద ఎవరికీ ఎవరూ గుర్తు లేరు. నాతో సహా.

జులై 23, బుధవారం

బందరు ఆస్పత్రికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో రాయను.

విల్సన్ ముఖం గుర్తుపట్టేలా లేదు. దవడకు తీగలు వేశారు. రెండు కాళ్లూ పిండికట్లలో ఉన్నాయి. తొడలు నల్లగా వాచి, చర్మం మెరుస్తోంది. కండ నలిగిపోయి ఆ విషం రక్తంలోకి ఎక్కింది, కిడ్నీలు ఆగిపోయాయి, డయాలసిస్ చేస్తున్నామని నర్సు చెప్పింది. అతని విషయంలో ఆ మాట నిజం. విషం ఎక్కింది.

భార్య రావమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నేను కాలేజీ మేడమ్‌ని, బోర్డులు చేసేదాన్ని అని చెప్పాను. లేచి స్టూలు తుడిచి వేసింది.

"చూడ్డానికి వచ్చారామ్మా? ఎవరూ రాలేదు. మా చెరువు రైతు కూడా రాలేదు." తర్వాత తనే చెప్పింది. "మిషన్ల చప్పుడు లేదు, ఆళ్ల చెరువు పోద్దేమో చూసొస్తానని వెళ్లాడమ్మా. వేరేవాళ్ల చెరువు నీకెందుకయ్యా అన్నా. ఇదివరకు సైరన్ మోగితే ఈయనే పరిగెత్తేవాడు. ఇప్పుడది మోగట్లేదుగా. చప్పుడు ఆగితే లేచి చూత్తాడు."

విల్సన్ కళ్లు తెరిచి నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. జనవరిలో మేం సెన్సార్ కోసం చెరువులో గుంజ పాతినప్పుడు, అడగకుండానే గొంతు లోతు నీళ్లలోకి దిగి గంటసేపు దాన్ని పట్టుకున్నది అతనే. కళ్లు నా మీద నుంచి తీయలేదు.

రావమ్మ నా చేతిలో రెండు బిస్కెట్లు పెట్టింది. తిన్నాను.

జులై 24

షోయబ్ మార్పించాడు అని రాశాను. టైపు చేసింది నా వేళ్లు.

జులై 28, సోమవారం

విల్సన్ పోయాడు. మధ్యాహ్నం పన్నెండుంపావుకి.

జులై 29, మంగళవారం

పదహారో తేదీ పేజీ మళ్లీ చదివాను. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఎక్కడికక్కడ ఆపేశాను, అంతే. మిగిలింది రాస్తున్నాను.

గట్టు మీద నుంచి నీళ్ల అంచుకు దిగగానే నేను ముందు చూసింది కేబుల్. స్తంభానికి ఆరడుగుల దూరంలో బురద మీద పడి ఉంది, ఎలుక కొరికి. లోపలి రాగి తీగ పచ్చిగా మెరుస్తోంది. చూడగానే మొత్తం అర్థమైంది. సెన్సార్ నుంచి కబురు ఆగింది, బోర్డు పచ్చ చూపించింది, ఏరియేటర్లు తిరగలేదు, ఊపిరాడక చచ్చాయి. దీనికి నాకు పట్టింది నాలుగు సెకన్లు. ఎవరూ చూడకుండా ఆ కొసను చెప్పుతో బురదలోకి తొక్కాను. ఇంకోసారి తొక్కాను. ఆ తర్వాతే బాబీ వచ్చి అడిగాడు. ఆ తర్వాతే "చేసింది" అన్నాను.

విల్సన్‌ను జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చారు. బోర్డు ఉన్న స్తంభానికే, వెనక్కి విరిచి చేతులు కట్టారు. లుంగీ ఊడిపోతే ఒకడు దాన్నే నోట్లో కుక్కబోయాడు. బాబీ వద్దన్నాడు, చెప్పాలి కదా అన్నాడు. ఏరియేటర్ షాఫ్ట్ అంటే నాలుగడుగుల ఇనుప కడ్డీ. దాన్ని తీసుకున్నాడు. మొదటి దెబ్బ మోకాలి మీద. తడి కర్ర విరిగినట్టు వినిపించింది. విల్సన్ అరవలేదు. ఊపిరి లోపలికి లాగాడు, అది బయటికి రాలేదు.

"ఏం కలిపావురా? పేరు చెప్పు."

"మిషన్లు ఆగినయ్యని చూడ్డానికొచ్చా బాబూ. కర్రతో తిప్పుదామని చూశా, తిరగలా. మీ మనిషిని లేపుదామనుకుంటా ఉన్నా..."

రెండో మోకాలు. తర్వాత తొడలు. చేతులు మారాయి. ఒకడు అలిసిపోతే ఇంకొకడు. ఒకడి చేతిలో పార కర్ర, ఒకడి చేతిలో ఏమీ లేదు, కాలితోనే తన్నాడు. తల వెళ్లి నా బోర్డు పెట్టెకు తగిలింది. పెట్టె అంచు చెవి కోసింది. రక్తం పచ్చలైటు మీదుగా కారింది. నా లైటు ఆరలేదు.

అప్పుడు విల్సన్ నన్ను చూశాడు. "అమ్మగారూ, మీకు తెలుసుగా. మీరు చెప్పండమ్మా. మిషన్లు ఆగినయ్యమ్మా" అన్నాడు.

షోయబ్ నా మోచేయి పట్టుకున్నాడు. పట్టుకోకపోతే చెప్పి ఉండేదాన్నని పదమూడు రోజులుగా అనుకుంటున్నాను. అతని పట్టు గట్టిగా లేదు.

దవడ మీద దెబ్బ పడ్డాక విల్సన్ ఇక మాట్లాడలేదు. నేను లెక్కపెట్టాను. పంతొమ్మిది వరకు లెక్కపెట్టి బండెక్కాను.

ఆగస్టు 1, శుక్రవారం

గుడివాడలో నాగభూషణరావు గారి ఇంటికి వెళ్లాను. షోయబ్‌కు చెప్పలేదు. ఎస్సై ఇచ్చిన వారం గడువు దాటిపోయింది. పోలీసులకు చెప్పే ముందు ఆయనకు చెప్పాలనుకున్నాను. ధైర్యమా, ఇంకోసారి తప్పించుకునే ప్రయత్నమా? రెండూ కలిసే బస్సెక్కాయి.

ఆయన మంచినీళ్లు ఇప్పించారు. కేబుల్ సంగతి, మార్చిలో మార్చిన లైను, కార్డులోని ఖాళీలు, అన్నీ చెప్పాను. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ విన్నారు.

"నువ్వు చెప్పింది నిజమేనమ్మా, కాదనను. పోయినోడు ఎటూ పోయాడు. విషం పెట్టాడంటే ఆవేశంలో కొట్టారంటారు. పెట్టలేదంటే ఊరికే చంపారంటారు. నా కొడుకు జీవితం నీ నోట్లో ఉంది. నీ నోరు ఇంట్లో పెట్టుకో."

బాబీ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. మనిషి సగమయ్యాడు. గడ్డం పెరిగింది. వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"మీరు చెప్పారనే కదండీ" అన్నాడు. "మీరు చేసిందన్నారు. మీ నోటితోనే కదా అన్నారు. నేను మిమ్మల్ని అడిగాను కదా మేడం!"

గాజు గ్లాసు నా తల పక్కన గోడకు తగిలి పగిలింది. పెంకు ఒకటి మెడలో దిగింది. ఆయన "బాబీ!" అని అరిచారు. బాబీ నా భుజాలు పట్టి కుర్చీతో సహా వెనక్కి తోశాడు. పడ్డాను. పడ్డ నా మీద కాలు ఎత్తాడు, ఎందుకో దించేశాడు. మూలకు వెళ్లి వాంతి చేసుకున్నాడు.

పామర్రులో బస్సు మారేటప్పుడు మెడ నుంచి రక్తం చూసి ఎవరో కుట్లు వేయించుకోమన్నారు. నాలుగు పడ్డాయి.

ఆగస్టు 3, ఆదివారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు నాకే అర్థం కావడం లేదు.

నిన్న గుడివాడ నుంచి షోయబ్‌కు ఫోన్ వచ్చింది. ఇంటికి వచ్చి నేరుగా నా బీరువా తెరిచాడు. కార్డు ఇవ్వమన్నాడు. ఇవ్వనన్నాను.

"ఇది నీ ఒక్కదాని సంగతి కాదు ఆపా. బోర్డు బిగించింది నేను. విప్పుకొచ్చింది నేను. నన్ను కూడా లోపలేస్తారు. అమ్మీని ఎవరు చూస్తారు?"

"నువ్వు చేసింది నువ్వు చెప్పు. నేను చేసింది నేను చెబుతాను."

కార్డు నా పిడికిట్లో ఉంది. అతను ముందు వేళ్లు విప్పబోయాడు. తర్వాత చెయ్యి మెలితిప్పాడు. అమ్మీ "అరే, ఆడకూతురి మీద చెయ్యేంట్రా, వదులు" అని వీపు మీద కొడుతూనే ఉంది. ఎముక విరిగిన చప్పుడు ముగ్గురం విన్నాం. ఆ చప్పుడు నాకు ఇంతకుముందే తెలుసు.

షోయబ్ ఏడ్చాడు. ఏడుస్తూనే కార్డు పళ్లతో కొరికి ముక్కలు చేసి బయట పడేశాడు. తర్వాత తనే నన్ను ఆటోలో కూర్చోబెట్టి కట్టు కట్టించాడు. దారంతా నా తల తన భుజం మీద పెట్టుకున్నాడు.

కార్డు కాపీ కాలేజీ లాబ్‌లో, ఒక పాత కంప్యూటర్‌లో ఉంది. చెప్పలేదు.

ఆగస్టు 5, మంగళవారం

పాలెం వెళ్లాను. విల్సన్ ఇల్లు చర్చి వెనక సందులో. గోడ మీద ఎవరో బొగ్గుతో "విషం" అని రాశారు. కడిగినా ఆనవాలు పోలేదు. ఊళ్లో ఎవరూ పనికి పిలవడం లేదని, పచారీ కొట్టువాడు కూడా విషం పెట్టినోడి పెళ్లానివని సరుకు ఇవ్వనన్నాడని రావమ్మ చెప్పింది. "చంపినోళ్లకి శిక్ష పడుద్దో లేదో నాకు తెలవదమ్మా. ఆయన మీద ఆ మాట మాత్రం పోవాలి."

నేను మొత్తం చెప్పాను. లైను, కేబుల్, చెప్పుతో తొక్కడం, "చేసింది" అనడం. వింటున్నంతసేపూ ఆమె చేటలో బియ్యం ఏరుతూనే ఉంది. నేను ఆపాక చేట పక్కన పెట్టి లేచింది. కొట్టింది. చెంప మీద, మళ్లీ చెంప మీద, ఆ తర్వాత ఎక్కడ పడితే అక్కడ. కట్టు కట్టిన చెయ్యి అడ్డం వచ్చింది, అక్కడా పడింది. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి లాగారు. విడిపించుకుని మళ్లీ వచ్చి, జుట్టు పట్టుకుని నా ముఖం తన ముఖం దగ్గరికి లాక్కుంది.

"ఒక్క మాట అడుగుతా. నువ్వప్పుడు నోరు తెరిచుంటే ఆపేవోళ్లా?"

దీనికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. తెలియదు. గుంపు కదా, ఆవేశం కదా, ఎవరు చెప్పగలరు? నాలుగేళ్లు చదివింది దాని గురించే, అది ఎప్పుడు నిజాయితీగా చెప్పవచ్చో నాకు బాగా తెలుసు. అది నోటి దాకా వచ్చింది.

కానీ ఇరవై తొమ్మిదో తేదీన కూడా ఒకటి రాయలేదు. మూడో దెబ్బకు బాబీ ఆగాడు. కడ్డీ దించి నా వైపు తిరిగి రెండోసారి అడిగాడు. "మేడం, మళ్లీ అడుగుతున్నా. గాలి సమస్య కాదు కదా? ఖాయమేనా?" అతని ముఖంలో భయం ఉంది. ఎవరైనా ఆపితే బాగుండునన్నట్టే ఉంది. నేను తల అడ్డంగా ఊపాను. గాలి సమస్య కాదని.

"ఆపేవాళ్లు" అన్నాను.

రావమ్మ నా జుట్టు వదిలేసింది. గుమ్మంలో కూర్చుంది. "అయితే ఆ మాట నాకు కాదు. రోడ్డు మీదకొచ్చి చెప్పు" అంది.

చర్చి ముందు నిలబడి చెప్పాను. నలభై మంది దాకా విన్నారు. ఒక ముసలాయన ఉమ్మాడు. నా మీదో, నేల మీదో చూడలేదు.

ఆగస్టు 8, శుక్రవారం

అవనిగడ్డ కోర్టులో మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇచ్చాను. కార్డు కాపీ ఇచ్చాను. కడ్డీ పట్టుకున్న ముగ్గురి పేర్లు చెప్పాను. రెండోసారి అడిగిందీ చెప్పాను. తల ఎటు ఊపానో కూడా. ఎడమ చేత్తో సంతకం పెడితే చెల్లదేమోనని గుమాస్తా అన్నాడు. వేలిముద్ర కూడా తీసుకున్నారు.

నా లాయరు కోటిలింగం గారు బయటికొచ్చాక అన్నారు. "కేబుల్ తొక్కానన్నావు చూడు, అది నీ మీదికే వస్తుందమ్మా. సాక్షివి అవుతావో ముద్దాయివి అవుతావో వాళ్లే తేల్చాలి."

తేల్చనివ్వండి అన్నాను.

ఆగస్టు 9, శనివారం

కోనేరు సెంటర్ దగ్గర షోయబ్ షాపు పగలగొట్టారు. పట్టపగలు, పదకొండు గంటలకు. రెండు కార్లలో వచ్చారు. బోర్డులన్నీ రోడ్డు మీద వేసి తొక్కారు. షోయబ్ అడ్డం వెళితే షట్టరు దించే కొక్కెంతో కొట్టారు. తల మీద పదహారు కుట్లు, రెండు పక్కటెముకలు. బాబీని అరెస్టు చేశారని అతని మనుషుల కోపం.

ఆస్పత్రిలో పక్కన కూర్చున్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత ఇటు తిరిగి నా విరిగిన చెయ్యి తడిమి చూశాడు. "ఎప్పుడు తీస్తారంట కట్టు?"

"నెల."

"బోర్డు వానకు తడుస్తుందని తేలేదు ఆపా. కేబుల్ నేను కూడా చూశా."

తెలుసన్నాను. నిజానికి తెలియదు.

ఆగస్టు 24, ఆదివారం

కాలేజీ వాళ్లు సెలవులో ఉండమన్నారు. ఉన్నాను. చెరువుల్లో ఇంకా ఇరవై మూడు బోర్డులు ఉన్నాయి. నాగాయలంక వైపు పద్నాలుగు, బంటుమిల్లి దగ్గర తొమ్మిది. బస్సుల్లో, ఆటోల్లో ఒక్కొక్కటీ తిరుగుతున్నాను. ప్రతి చెరువు దగ్గర లాప్‌టాప్ తీసి ఆ ఒక్క లైను కొట్టేసి పాతది పెడుతున్నాను. కబురు రాకపోతే తిప్పు, సైరన్ మోగించు.

ఇవాళ బంటుమిల్లిలో ఒక రైతు గట్టు ఎక్కనివ్వలేదు. "మనిషిని చంపిన మిషన్‌కి మళ్లీ రిపేరా?" అని బోర్డును గునపంతో పొడిచేశాడు. ఒకటి తగ్గింది. పంతొమ్మిది అయ్యాయి, ఇంకా మూడు.

సెప్టెంబరు 11

నా మీద కూడా కేసు పెట్టారు. సాక్ష్యం దాచినందుకు. షోయబ్ మీద కూడా. అన్నం తిన్నాం.

అక్టోబరు 6, సోమవారం

పొద్దున కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. రావమ్మ.

ఆగస్టు తర్వాత ఆమె గొంతు వినడం ఇదే. పలకరింపు లేదు.

"ఆయన మీద పెట్టిన విషం కేసు కొట్టేశారంట. రేపు టేషన్లో కాగితం ఇత్తారంట. ఇంగ్లీషులో ఉంటదంట కదా. నువ్వొచ్చి చదవాలి. ముందు నాకు, తర్వాత ఊళ్లో అందరికీ. పచారీ కొట్టు ముందు కూడా."

"వస్తానండీ."

"ప్రేమకొద్దీ పిలవట్లా. నీ మొకం చూడబుద్ధి కాదు నాకు. చదివేవోళ్లు లేక."

"తెలుసండీ."

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. వెనక ఎక్కడో ఎవరో బట్టలు ఉతుకుతున్నారు.

"గట్టిగా చదవాలి" అంది. "వెనకున్నోళ్లకి వినపడాలి."

రేపు ఏడున్నర బస్సుకు వెళ్తున్నాను.